ఓట్స్ మందు కాదు మహాప్రభో!

మొన్న శనివారం ఒక మిత్రుడింటికి భోజనానికెళ్ళాం. మగవాళ్ళం నలుగురం ఓ మూల చేరాక ఏం మాట్లాడుకుంటామో మీకు తెలియంది కాదు. ఒకప్పుడు హెచ్-1 గురించీ, గ్రీన్‌కార్డు గురించీ మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు ముప్ఫైలు చివరికొచ్చేస్తున్నాయి కదా, ఎవరి ఎల్డీఎల్ ఎంత, ఎవరి ఏ1సీ ఎంత అని చెప్పుకుంటున్నాం. పదో తరగతి మార్కులు చెప్పుకున్నట్టే, కాకపోతే ఇందులో తక్కువొచ్చినవాడు గొప్ప. అందులో ఒకాయన గులాబ్‌జామ్ గిన్నె పక్కన పెట్టి, పెద్ద నిట్టూర్పు విడిచి, "ఏం చేస్తాం, రేపట్నుంచి మళ్ళీ ఓట్సే గతి" అన్నాడు. మిగతా వాళ్ళు పరామర్శకొచ్చినవాళ్ళలా తలలూపారు.

ఆ "గతి" అన్న మాట దగ్గర నాకు ఒళ్ళు మండింది. అక్కడ మాట్లాడితే బావుండదని ఊరుకున్నాను. ఇక్కడ నన్నాపేవాళ్ళు లేరు కాబట్టి ఆ కక్షంతా తీర్చుకుంటాను.

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. ఓట్స్ మందు కాదు. శిక్ష అంతకన్నా కాదు. అదొక ధాన్యం. జొన్నలు, రాగులు, గోధుమలు ఎలాగో అదీ అలాగే. ధాన్యాన్ని ధాన్యంలా వండుకోకుండా, ముక్కు మూసుకుని మందులా మింగుతున్నాం కాబట్టే మనకి అటు రుచీ దక్కట్లేదు, ఇటు ఆరోగ్యమూ దక్కట్లేదు. పైగా మందు అనుకున్నాక దాన్ని ఎలా తయారుచేశారు, అందులో ఏం కలిపారు అని ఎవరూ అడగరు. ప్యాకెట్టు మీద గుండె బొమ్మ ఉంటే చాలు, చింపి నోట్లో పోసుకోవడమే.

నేనేదో పుట్టు ఋషిలా మాట్లాడుతున్నానని అనుకోకండి. మొదటి దోషిని నేనే. కన్సల్టింగు ఉద్యోగం కదా, ఏళ్ళ తరబడి సోమవారం తెల్లవారుజామున విమానమెక్కడం, గురువారం రాత్రి దిగడం. మధ్యలో మూడు రాత్రులు హోటలు. పొద్దున్నే గదిలో ఉండే కాఫీ మిషన్‌లో కాఫీ పొడి వెయ్యకుండా ఉత్త నీళ్ళు కాచి, పేపరు కప్పులో మేపుల్, బ్రౌన్‌షుగర్ రుచి ఉన్న ఇన్‌స్టంట్ ఓట్స్ ప్యాకెట్టు చింపి పోసి, ఆ వేడినీళ్ళు కలిపి, ప్లాస్టిక్ చెంచాతో తింటూ ఈమెయిళ్ళు చూసుకునేవాణ్ణి. ఒకటి చాలదు కాబట్టి రెండు ప్యాకెట్లు. పక్క గదిలో వాళ్ళు కింద హాల్లో సాసేజీలు, వాఫుల్సు లాగిస్తుంటే, నేనేదో నియమం పాటిస్తున్నానని లోలోపల చిన్న గర్వం కూడాను!

ఒకరోజు ఫ్లైటు ఆలస్యమై, చదవడానికి ఏమీ లేక, ఆ ప్యాకెట్టు వెనకాల రాసింది చదివాను. ఒక్కో ప్యాకెట్టు బరువు 43 గ్రాములు. అందులో చక్కెర 12 గ్రాములు. చిన్న చెంచాతో కొలిస్తే మూడు చెంచాలు. నేను తినేది రెండు ప్యాకెట్లు, అంటే ఆరు చెంచాలు. మామూలు కోలా డబ్బాలో ఉండేది 39 గ్రాములు. అంటే పొద్దున్నే లేచి, నియమనిష్ఠలతో, సగం డబ్బాకి పైగా కోలా చక్కెర తాగినట్టు లెక్క. వంట చేస్తూ ఎవరైనా ఒక మనిషి జావలో ఆరు చెంచాల పంచదార వేస్తే మనం చెయ్యి పట్టుకుని ఆపుతాం. ప్యాకెట్టులో ముందే కలిపిస్తే మాత్రం "హెల్దీ" అని కొనుక్కుంటాం.

చక్కెర సంగతి అలా ఉంచండి. అసలు గింజ సంగతి చూద్దాం. ఇది తెలియకపోతే మిగతా వాదనంతా వృథా.

ఓట్స్ గింజకి పైన పొట్టు తీసేస్తే లోపల పప్పులాంటిది మిగులుతుంది. దాన్ని వేడి చేస్తారు. ఎందుకంటే మిగతా ధాన్యాల కంటే ఇందులో కొవ్వు ఎక్కువ, వేడి చెయ్యకపోతే ఉన్న ఎంజైముల వల్ల త్వరగా మక్కిపోయి చేదెక్కుతుంది. ఆ గింజని రెండు మూడు ముక్కలుగా నరికితే స్టీల్‌కట్. మనం బియ్యం నూక చేసినట్టే. గింజని ఆవిరి పట్టి రోలర్ల మధ్య నొక్కితే రోల్డ్ ఓట్స్, డబ్బా మీద "ఓల్డ్ ఫాషన్డ్" అని రాసుంటుంది చూడండి, అవి. మన అటుకులకి దూరపు చుట్టాలన్నమాట. అదే గింజని ముందు ముక్కలు చేసి ఇంకా పల్చగా నొక్కితే క్విక్ ఓట్స్. మరీ పల్చగా నొక్కి, ముందే ఉడికించి ఆరబెడితే ఇన్‌స్టంట్.

నాలుగూ ఒకే గింజ. కానీ కడుపులోకెళ్ళాక నాలుగూ ఒకటి కావు. ఎంత సన్నగా, ఎంత పల్చగా చేస్తే అంత తొందరగా అరుగుతుంది, అంత తొందరగా రక్తంలో చక్కెరగా మారుతుంది. దీన్ని కొలవడానికి గ్లైసీమిక్ ఇండెక్స్ అని ఒక లెక్క ఉంది, గ్లూకోజు 100 అనుకుంటే మిగతావి ఎంత అని. 2008లో వచ్చిన అంతర్జాతీయ పట్టికలో రోల్డ్ ఓట్స్ జావకి సగటున 55. ఇన్‌స్టంట్ ఓట్స్ జావకి 79. తెల్లన్నానికి 73. మళ్ళీ చదవండి. అన్నం మానేసి ఇన్‌స్టంట్ ఓట్స్ తింటున్న పెద్దమనిషి, ఆ పట్టిక ప్రకారం, 73 దగ్గర్నుంచి 79కి ఎక్కాడు! ఇందుకా ఆయన ఆవకాయన్నం త్యాగం చేసింది?

ఇక ఆ గుండె బొమ్మ సంగతి. అదేమీ పూర్తి అబద్ధం కాదు, ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఓట్స్‌లో బీటాగ్లూకాన్ అనే కరిగే పీచు ఉంది. 1997లో అమెరికా ఎఫ్‌డీఏ, ఈ పీచు గుండెజబ్బు ముప్పు తగ్గించవచ్చని డబ్బాల మీద రాసుకోవడానికి ఒప్పుకుంది. కానీ దానికి రెండు షరతులున్నాయి. రోజుకి ఈ పీచు 3 గ్రాములు తినాలి, మిగతా తిండిలో కూడా శాచురేటెడ్ కొవ్వు, కొలెస్ట్రాల్ తక్కువ ఉండాలి. అరకప్పు రోల్డ్ ఓట్స్, అంటే 40 గ్రాముల్లో, కరిగే పీచు సుమారు 2 గ్రాములుంటుంది. కాబట్టి 3 గ్రాములు కావాలంటే రోజుకి ముప్పావు కప్పు పొడి ఓట్స్, సుమారు 60 గ్రాములు తినాలి. రెండు చెంచాలు పాలల్లో చల్లుకుంటేనో, దోశపిండిలో గుప్పెడు కలిపి "ఓట్స్ దోశ" అని పేరు పెడితేనో కాదు.

ఇంతా చేసి రోజూ క్రమంగా తింటే ఎల్డీఎల్ తగ్గేది ఉరమరగా 5 నుంచి 7 శాతం. 160 ఉన్నవాడికి 150 అవుతుంది. అది తక్కువేం కాదు, వంటింట్లోంచి వచ్చిన లాభం కదా. కానీ డాక్టరు రాసిచ్చిన మాత్ర మానేసి, "నేను ఓట్స్ తింటున్నానుగా" అనేవాళ్ళని ఇద్దర్ని చూశాను. అయ్యా, అది చాలా పెద్ద పొరపాటు. మందు మందే, తిండి తిండే. ఓట్స్ మందు కాదని నేను మొత్తుకునేది ఈ కారణానికి కూడా.

ఇప్పుడు రెండో జట్టు సంగతి చూద్దాం. వీళ్ళు వాట్సాప్‌లో ఉంటారు. "ఓట్స్ గుర్రాల దాణా! విదేశీ కంపెనీల కుట్ర! మన పూర్వీకులు తిన్నారా?" అని ఫార్వర్డులు పంపుతుంటారు. గుర్రాల దాణా అన్న మాట నిజమే. 1755లో శామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లీషు నిఘంటువులో ఇంగ్లండులో దీన్ని గుర్రాలకి పెడతారనీ, స్కాట్లండులో మనుషులు తిని బతుకుతారనీ వెటకారంగా రాశాడు. మన దేశంలో కూడా ఉత్తరాదిన ఓట్స్ ఎక్కువగా పండించేది పశువుల మేతకే. అయితే ఏమిటట? ఉలవలు గుర్రాలకి పెట్టరా? ఇంగ్లీషులో దాని పేరే గుర్రాల పప్పు అని అర్థం వచ్చేలా ఉంటుంది. మరి ఉలవచారు గిన్నె ముందు పెడితే ఈ ఫార్వర్డు వీరుడు వద్దంటాడా? పైన ఇంత మీగడ వేయించుకుని వేళ్ళు నాకుతాడు. గుర్రం తిన్నంత మాత్రాన గింజకి మైల అంటదు.

"మన చిరుధాన్యాలుండగా ఇదెందుకు" అనేది మాత్రం ఆలోచించాల్సిన మాట. నేనూ ఒప్పుకుంటాను. మాది బొబ్బిలి వైపు. రాగుల్ని మేం చోళ్ళు అంటాం. మా మామ్మ పొద్దున్నే చోడి అంబలి తాగి పొలానికెళ్ళేది. రాయలసీమలో రాగి సంగటి, తెలంగాణలో జొన్న గటక, ఇలా ఏ ప్రాంతానికాప్రాంతంలో ఉండేవి. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చింది. ఆ పథకాన్ని నేను తప్పు పట్టను, ఆకలితో ఉన్నవాళ్ళకి అన్నం పెట్టింది. కానీ తెల్లన్నం అందరికీ అందాక అంబలి, గటక పేదరికానికి గుర్తులైపోయాయి. ఇంటికి చుట్టాలొస్తే అంబలి కుండ పెరట్లో దాచేవాళ్ళం. వాటిని పక్కన పెట్టింది ఏ విదేశీ కంపెనీయో కాదు, మనమే. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక, అవే రాగులు రంగురంగుల ప్యాకెట్లలో "మల్టీగ్రెయిన్ హెల్త్ మిక్స్" అయి, పంచదారో బెల్లమో కలుపుకుని తిరిగొచ్చాయి. అంటే ఓట్స్‌కి పట్టిన గతే రాగులకీ పడుతోంది. గింజ స్వదేశీయా విదేశీయా అన్నది కాదు సమస్య. మనం వండుకోవడం మానేశామా లేదా అన్నది సమస్య.

పోటీ పెట్టక్కర్లేదు కూడా. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది, ఓట్స్ దాని దరిదాపుల్లోకి రావు. ఓట్స్‌లో ఉన్న జిగురు పీచు రాగుల్లో అంత లేదు. ఆ పీచే కావాలనుకుంటే, ఓట్స్ గిట్టనివాళ్ళకి బార్లీ ఉంది. చిన్నప్పుడు ఒంట్లో వేడి చేసిందని అమ్మ తాగించిన బార్లీ నీళ్ళు గుర్తున్నాయా, ఆ బార్లీయే. దేని గుణం దానిది. వారంలో అన్నిటికీ చోటుంది.

సరే, ఇంతవరకూ సరదాగానే చెప్పాను. ఇక నాకు ఒళ్ళు మండడానికి అసలు కారణం చెబుతాను.

మూడేళ్ళ క్రితం మా నాన్నగారికి షుగరూ, కొలెస్ట్రాలూ రెండూ ఎక్కువున్నాయని రిపోర్టు వచ్చింది. నేను ఇక్కణ్ణుంచి ఫోన్‌లో పెద్ద డాక్టర్లా, "నాన్నగారూ, రేపట్నుంచి ఆ అంబలీ ఇడ్లీ అన్నీ మానేసి ఓట్స్ తినండి" అని ఆర్డరేశాను. ఎలా తినాలో చెప్పలేదు. ఏ రకమో చెప్పలేదు. ఎంతో చెప్పలేదు. నాకే తెలియదు కదా! ఆయన రిటైరైన టీచరు. జీవితమంతా పిల్లలకి చెప్పినాయన, కొడుకు చెప్పింది శ్రద్ధగా విన్నారు.

తర్వాత సంక్రాంతికి ఇంటికెళ్ళాను. జెట్‌లాగ్ వల్ల తెల్లారకుండానే లేచి వంటింట్లోకెళితే, అమ్మ ఓట్స్‌ని మిక్సీలో మెత్తగా పొడి కొడుతోంది. ఎందుకమ్మా అంటే, "తొందరగా ఉడుకుతుందిరా, పంటికింద కూడా తగలదు" అంది. ఆ పొడిని పాలల్లో ఉడకబెట్టి, పంచదార వద్దన్నారు కాబట్టి రెండు చెంచాల తేనె వేసింది. తేనె అయితే ఫర్వాలేదని ఎవరో చెప్పారట. (తేనె కూడా చక్కెరే నాయనా, తేనెటీగ చేసినంత మాత్రాన ఒంటికి తెలియకపోదు.) నాన్నగారు దాన్ని చేతిలో పట్టుకుని, కిటికీ వైపు చూస్తూ, గబగబా నాలుగు గుటకల్లో మింగేశారు. ఆముదం తాగే పిల్లాడిలా. తొమ్మిదిన్నరకల్లా ఆకలేసి డబ్బాలోంచి నాలుగు బిస్కెట్లు తీసుకున్నారు. "షుగర్ లేనివేరా" అన్నారు నావైపు చూసి, సంజాయిషీ ఇస్తున్నట్టు. పంచదార లేకపోవచ్చు, ఉన్నదంతా మైదా పిండే.

పొడి కొట్టిన ఓట్స్, పాలు, తేనె, ఆపైన మైదా బిస్కెట్లు. ఆయన షుగరు ఎందుకు తగ్గట్లేదని నేను అమెరికా నుంచి ప్రతి ఆదివారం ఆయన్నే విసుక్కునేవాణ్ణి.

"మీకు నచ్చకపోతే చెప్పొచ్చు కదా నాన్నగారూ" అన్నాను. ఆయన చాలా మామూలుగా, "నచ్చడానికేముందిరా, మందేగా. అక్కడ అందరూ అదే తింటారన్నావు కదా" అన్నారు.

పెరటి గట్టు మీద అంబలి కుండ బోర్లించి ఉంది. అరవై ఏళ్ళకి పైగా ఆయన తాగిన అంబలి, ఉల్లిపాయ నంజుకుని. నేను ఒక్క ఫోన్‌కాల్‌తో మాన్పించాను. దానికి బదులు ఏమిచ్చాను? సరిగ్గా చదవని ఒక లేబులు.

అమెరికాలో ఉన్న కొడుకు మాటకి ఇళ్ళల్లో లేని విలువ ఉంది. మనం ఊరికే అనేసిన మాట అక్కడ నియమం అయిపోతుంది. కాబట్టి చెబితే పూర్తిగా చెప్పాలి, లేకపోతే నోరు మూసుకోవాలి. ఇది ముందు నాకు నేను చెప్పుకుంటున్నది, తర్వాత మీకు.

ఆ సెలవుల్లో అమ్మా నేనూ కలిసి వంటింట్లో ప్రయోగాలు చేశాం. అందులో నిలబడ్డవి, ఇక్కడ నేను రోజూ చేసుకునేవి నాలుగు పద్ధతులు చెబుతాను. ఏదీ కష్టం కాదు.

మొదటిది ఉప్మా. చాలామంది "ఓట్స్ ఉప్మా బంకలా అవుతుంది" అంటారు. ఎందుకవదు? బొంబాయి రవ్వకి పోసినట్టు రెండున్నర, మూడు కప్పుల నీళ్ళు పోసి, గరిటె పెట్టి తిప్పితే ఏమవుతుంది మరి! ఓట్స్ ముందే ఆవిరి పట్టినవి, వాటికి అన్ని నీళ్ళక్కర్లేదు. ఇద్దరికి ఒక కప్పు రోల్డ్ ఓట్స్ తీసుకుని, నూనె లేకుండా ఐదు నిమిషాలు కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి పక్కన పెట్టండి. రెండు చెంచాల నూనెలో ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు పోపు పెట్టి, ఉల్లిపాయలు, ఒక కప్పు క్యారెట్, బీన్స్, బఠాణీ వేసి మగ్గనివ్వండి. ముప్పావు కప్పు నీళ్ళు, మహా అయితే ఒక కప్పు. ఉప్పు వేసి, నీళ్ళు తెర్లాక ఓట్స్ పోసి, ఒక్కసారి కిందకీ పైకీ కలిపి, మూత పెట్టి, సన్నమంట మీద మూడు నిమిషాలు. కట్టేసి ఐదు నిమిషాలు ముట్టుకోకండి. పైన నిమ్మకాయ పిండుకోండి. పొడిపొడిగా రాకపోతే నన్నడగండి.

రెండోది స్టీల్‌కట్ పెరుగన్నం. ఒక కప్పు స్టీల్‌కట్‌కి మూడు కప్పుల నీళ్ళు పోసి, కుక్కర్లో పప్పు గిన్నె పెట్టినట్టు గిన్నెలో పెట్టి నాలుగు విజిల్సు రానివ్వండి. గిన్నె సగానికి మించి నింపకండి, ఇది పొంగుతుంది. నేరుగా కుక్కర్లో పోస్తే మూత రంధ్రంలో ఇరుక్కునే ప్రమాదముంది, వద్దు. ఆవిరంతా దానంతటది పోయాక తీసి, చల్లారనిచ్చి, పెరుగు, ఉప్పు కలిపి, ఆవాలు, ఇంగువ, ఎండుమిర్చి పోపు. దద్ధోజనం తిన్నట్టే ఉంటుంది, పంటికింద గింజ కూడా తగులుతుంది. పెరుగు కలపకుండా ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులుంటుంది. ఆదివారం రాత్రి వండితే బుధవారం దాకా పొద్దున పూట బెంగలేదు.

మూడోది జావ. అరకప్పు రోల్డ్ ఓట్స్, ఒక కప్పు నీళ్ళు, చిటికెడు ఉప్పు, ఐదు నిమిషాలు. గోరువెచ్చగా అయ్యాక ఒక గ్లాసు పల్చటి మజ్జిగ పోసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాస్త జీలకర్ర పొడి. అంబలి తాగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. "ఓట్స్‌లో ఉప్పా!" అని ఆశ్చర్యపోయేవాళ్ళకి ఒక సంగతి. దీన్ని తరతరాలుగా తింటున్న స్కాట్లండు వాళ్ళ అసలు పద్ధతి ఓట్స్, నీళ్ళు, ఉప్పు, అంతే. అక్కడ కార్‌బ్రిడ్జ్ అనే ఊళ్ళో 1994 నుంచి జావ కాచే ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. అందులో సంప్రదాయ విభాగానికి అనుమతించేవి ఆ మూడే. పంచదార, మేపుల్, స్ట్రాబెర్రీ వాసనలు తర్వాత వచ్చి చేరినవి. అంటే ఉప్పేసుకుని తాగే మన అంబలికీ, వాళ్ళ జావకీ పెద్ద తేడా లేదు. మధ్యలో ప్యాకెట్టు వాడొచ్చి మనిద్దర్నీ చెడగొట్టాడు.

నాలుగోది నాలాంటి హోటలు పక్షులకి. వెడల్పు మూతి ఉన్న చిన్న ఫ్లాస్కు ఒకటి కొనుక్కోండి. ఇంట్లోనే చిన్న జిప్ సంచుల్లో అరకప్పు రోల్డ్ ఓట్స్, ఉప్పు, జీలకర్ర పొడి, గుప్పెడు వేయించిన వేరుశనగ గుళ్ళు వేసి, రోజుకొకటి చొప్పున సూట్‌కేసులో పెట్టుకోండి. పొద్దున్నే ఫ్లాస్కులో పోసి, ఒక కప్పు బాగా మరిగిన నీళ్ళు పోసి, మూత బిగించి స్నానానికెళ్ళండి. వచ్చేసరికి ఉడికి ఉంటుంది. పైన కందిపొడో కరివేపాకు పొడో చల్లుకోండి, కింద హాల్లో తియ్యలేని పెరుగు కప్పు దొరికితే అదీ కలుపుకోండి. తీపి లేనిదే గొంతు దిగదంటారా, ఒక అరటిపండు ముక్కలు కోసుకోండి. అంతేగానీ మళ్ళీ ఆ ప్యాకెట్టు జోలికి పోకండి.

"ఇవన్నీ చెయ్యడానికి టైమెక్కడిదండీ" అని మీరంటారని నాకు తెలుసు. ఇన్‌స్టంట్‌కి రెండు నిమిషాలు. రోల్డ్ ఓట్స్‌కి ఐదు. తేడా మూడు నిమిషాలు. మనం రోజూ పొద్దున్న మంచం దిగకముందు ఫోన్ చూసేది ఎన్ని నిమిషాలు? ఎవరూ ఫిర్యాదు చెయ్యని చోట ఆప్టిమైజ్ చెయ్యొద్దని ఆఫీసులో కుర్రాళ్ళకి మనమే పాఠాలు చెబుతాం. ఆ మూడు నిమిషాలు మిగిల్చి మనం ఉద్ధరించిందేమీ లేదు. ఈసారి దుకాణానికెళ్ళినప్పుడు అర మీద ధర చీటీలో ఔన్సుకి ఎంతో చూసి ప్యాకెట్టునీ పెద్ద డబ్బానీ పోల్చండి. ఆ మూడు నిమిషాలకి మనం ఎంత కడుతున్నామో తెలుస్తుంది.

జిగురంటే అసహ్యం అనేవాళ్ళకి చివరి మాట. ఆ జిగురే బీటాగ్లూకాన్. మీరు గుండె బొమ్మ చూసి కొనుక్కున్నది దాన్నే. అది కడుపులో చిక్కబడి అరుగుదలని నెమ్మది చేస్తుంది కాబట్టే లాభం. బెండకాయ జిగురుని వేపుడులో ఎలా అణుచుకోవాలో, పులుసులో ఎలా కలుపుకోవాలో తెలిసిన జాతి మనది. ఓట్స్ జిగురు ఒక లెక్కా?

మా నాన్నగారు ఇప్పుడు వారంలో మూడు రోజులు ఓట్స్ ఉప్మా, రెండు రోజులు పెసరట్టు, రెండు రోజులు చోడి అంబలి తీసుకుంటున్నారు. మాత్రలు వేళకి వేసుకుంటున్నారు, నడుస్తున్నారు. ఓట్స్ వల్ల అద్భుతం జరిగిపోయిందని నేను చెప్పను. ఆ లెక్కలు ఆయనా ఆయన డాక్టరూ చూసుకుంటారు. నాకు తెలిసిందల్లా, ఇప్పుడు తింటున్నప్పుడు ఆయన కిటికీ వైపు చూడట్లేదట, బిస్కెట్ల డబ్బా కూడా నెలకొకటి చాలుతోందట. అమ్మ చెప్పింది. అంబలి కుండ మళ్ళీ నిలబడింది.

ఇంతకీ ఆ "ఓట్సే గతి" మిత్రుడికి ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, ఉప్మా పద్ధతి అప్పజెప్పాను. "కప్పుకి ముప్పావు కప్పు నీళ్ళే. గరిటె పెట్టి తిప్పావంటే నీకూ నాకూ మాటల్లేవు" అని ఒట్టు కూడా వేయించుకున్నాను. మధ్యాహ్నం తిరిగి ఫోన్ చేశాడు.

"ఉప్పు కాస్త ఎక్కువైందిరా" అన్నాడు.

"తిన్నావా లేదా?"

"ఎక్కడ తిన్నాను, సగం మావాడు లాక్కున్నాడు. రేపు రెండు కప్పులు వెయ్యాలి. నీళ్ళు కప్పున్నరేనా?"

కప్పున్నరే. తిప్పొద్దు.